సంతకం పెట్టని వదిన

మా వదిన మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికే సైన్యంలో కెప్టెన్. మా అన్నయ్య నీటి సరఫరా సంస్థలో కంట్రోల్ రూమ్ ఇన్‌చార్జి. వాళ్ళిద్దరికీ పరిచయమైంది గొడవతోనే. నీటి శుద్ధి కేంద్రం పక్కన సైన్యం వాళ్ళు రేడియో టవర్ నిలబెడుతుంటే, దాని పునాది తమ పైపులైను మీదికి వస్తోందని అన్నయ్య తగువుకు వెళ్ళాడు. అవతల తగువుకు నిలబడిన మనిషి ఆవిడ. చివరికి టవర్ కాస్త పక్కకు జరిగింది, అన్నయ్య పూర్తిగా ఆవిడ వైపు జరిగాడు. ఎవరు గెలిచారని అడిగితే ఇప్పటికీ ఇద్దరూ తామేనంటారు.

అమ్మ మొదట్లో నొసలు చిట్లించింది. కోడలికి వంట రాదు, వాదన మాత్రం వచ్చు అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. కొన్నాళ్ళకు అదే మాట గొప్పగా చెప్పడం మొదలుపెట్టింది. కరెంటు ఆఫీసు వాళ్ళు తప్పుడు బిల్లు పంపినా, మేడమీద అద్దెకున్నవాళ్ళు నల్లా వదిలేసి ఊరెళ్ళినా "మా కోడలు రానీ, చెప్తుంది" అనేది.

నేను వీధి చివర బట్టలు కుట్టే దుకాణం నడుపుతాను. వదిన యూనిఫాం చేతులు పొడవైతే కురచ చేసేదీ, నడుము వదులైతే బిగించేదీ నేనే. కొలతలు తీసుకుంటుంటే ఎవరైనా మనసు విప్పుతారు. వదిన కూడా మాట్లాడేది. కానీ ఆఫీసు సంగతుల్లో చెప్పకూడనిది ఒక్కటీ ఎన్నడూ ఆవిడ నోరు జారలేదు. ఇప్పుడు నేను చెప్పబోయేది కూడా, అంతా బయటికి వచ్చాక, చెప్పడానికి అనుమతి దొరికాక, మా అందరి ముందూ ఆవిడ చెప్పిందే. ఇంట్లో జరిగినవి నా కళ్ళతో చూసినవి.

ఉద్యోగంలో మొదటి రోజులన్నీ ఆవిడకు కేబుల్ చుట్టలతోనే గడిచాయి. వానలో మోకాలి లోతు బురదలో దిగి తీగలు లాగించడం, ఎక్కడ తెగిందో వెతికి అతికించడం. తర్వాత కంప్యూటర్ల మీద జరిగే దాడులను కాచుకోవడానికీ, అవసరమైతే ఎదురు దెబ్బ తీయడానికీ సైన్యం ఒక కొత్త విభాగం పెట్టింది. దానికి అధిపతి అయిన కల్నల్ మా వదినను ఏరికోరి తెచ్చుకున్నాడు. నేను విన్నా వినకపోయినా నువ్వు వద్దనుకున్నది వద్దని చెప్పడం మానకు అని చేరిన రోజే చెప్పాడట. ఆవిడ ఆ మాటను అక్షరాలా పాటించింది. ఎవరు ఏ ప్రోగ్రాం రాసుకొచ్చినా ముందు "ఇలా వద్దు" అనేది, ఎందుకు వద్దో తర్వాత ఓపిగ్గా చెప్పేది. అక్కడివాళ్ళు ఆవిడకు వద్దు మేడం అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు ఆవిడ చెవిన పడింది. పడినా దాన్ని మాత్రం వద్దనలేదు.

మేజర్ అయ్యాక ఆవిడకు ఒక పని అప్పజెప్పారు. పంపుహౌసుల్లో, ఫ్యాక్టరీల్లో మోటార్లనూ వాల్వులనూ నడిపే కంట్రోలర్ ఒకటుంటుంది, చెప్పులపెట్టె అంత పెట్టె. సరిహద్దు అవతలి దేశం తన ఇంధన డిపోలన్నిటిలో ఒకే కంపెనీ పెట్టెను వాడుతోందని తెలిసి, అలాంటిదే ఒకటి తెప్పించి, దానిలో లొసుగు ఏమైనా ఉందేమో చూడమన్నారు. వచ్చింది తొడుగు లేని పెట్టె, ఉత్త సర్క్యూట్ బోర్డు. వదిన, మరో ఇద్దరు కూర్చుని నెలల తరబడి దాన్ని కెలికారు. చివరికి దొరికింది. ఒక రకమైన సందేశం పంపితే చాలు, పెట్టె పరాయివాడి మాట వింటుంది. ఎదురుగా ఉన్న తెర మీద అంకెలన్నీ మామూలుగానే కనిపిస్తుంటాయి, లోపల మాత్రం ఎవడు ఎలా తిప్పితే అలా తిరుగుతుంది.

కల్నల్ ఆ రోజు విభాగమంతటికీ మిఠాయిలు పంచాడు. పతకానికి వదిన పేరు పంపుతున్నానన్నాడు. ఆవిడ ఇంటికొచ్చి, కారణం చెప్పకుండా నన్నూ అమ్మనూ సినిమాకు తీసుకెళ్ళింది. అంత సంతోషంగా ఉండగా ఆవిడను నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ సంతోషం తొడుగు వచ్చేదాకానే. అసలు పెట్టె మీద కూడా పరీక్షించి చూద్దామని తొడుగుతో సహా ఇంకొకటి తెప్పించారు. దాని ముందు భాగాన అడ్డంగా పసుపు గీత ఉంది. ఆ గీతను అంతకుముందు కళ్ళారా చూడకపోయినా దాని గురించి ఆవిడకు బాగా తెలుసు. ఎందుకంటే అన్నయ్య రోజూ భోజనాల దగ్గర దాన్ని తిట్టేవాడు. పసుపు గీత దయ్యం అనేవాడు. చెప్పాపెట్టకుండా ఆగిపోయి మళ్ళీ తనంతట తానే మొదలవుతుందనీ, కొత్తవి కొనమంటే పైవాళ్ళు వినరనీ గోల. ఊరికి నీళ్ళు తోడే పంపులు ఆ దయ్యం చేతిలోనే ఉన్నాయి. నీళ్ళలో క్లోరిన్ ఎంత కలపాలో లెక్క చూసేదీ అదే.

అప్పట్నుంచి ఇంట్లో వదిన తీరు మారింది. గ్లాసు ఎత్తితే ముందు వాసన చూసేది, ఆ తర్వాతే గుక్క వేసేది. అన్నయ్య డ్యూటీ నుంచి రాగానే, ఈ రోజు అంతా బాగానే ఉందా అని అడిగేది. ఇదివరకెప్పుడూ అడిగిన మనిషి కాదు. అమ్మ ఇదంతా గమనించి, నన్ను వంటింట్లోకి లాగి, గొంతు తగ్గించి, వదిన నెల తప్పిందంది. వాసనలు పడకపోవడం, ఊరికే దిగులు పడటం, మొగుడి మీద బెంగ, ఇంకేం కావాలి? వారం రోజులపాటు వదినకు బరువులు ఎత్తనివ్వలేదు, మెట్లు ఎక్కనివ్వలేదు. సంగతి అర్థమయ్యాక వదిన పగలబడి నవ్వింది. నవ్వి, అదేమీ లేదత్తయ్యా అని చెప్పి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. తలుపు వెనక నవ్వు వినపడలేదు.

ఆవిడ ముందు పద్ధతి ప్రకారమే వెళ్ళింది. లొసుగు సంగతి తయారీ కంపెనీకి చెప్పి సరిచేయిద్దామని కల్నల్‌ను అడిగింది. కంపెనీకి చెబితే అందరికీ చెప్పినట్టే, అవతలివాళ్ళూ సరిచేసుకుంటారు, మన పనంతా బూడిదలో పోసినట్టవుతుంది అన్నాడాయన. ఆవిడ రాసి ఇచ్చింది. రాసింది తిరిగొచ్చింది.

సరిగ్గా ఆ సమయంలోనే దేశ సైబర్ భద్రతకు సైనిక వ్యూహం రాయడానికి ఒక కమిటీ వేశారు. అధ్యక్షుడు ఒక జనరల్. కల్నల్ ఒక సభ్యుడు, న్యాయశాఖ నుంచి ఒక లాయరమ్మ, మరికొందరు. మా వదిన కూడా సభ్యురాలే, ముసాయిదా రాసే పని ఆవిడది. సైన్యం తన కంప్యూటర్లను ఎలా కాచుకోవాలి, ఆసుపత్రులకూ కరెంటుకూ దెబ్బ తగిలితే ఎవరు ముందు కదలాలి, దాడి చేసింది ఎవరో తేలకముందే ఎదురుదాడి చేయవచ్చా, ఇలాంటివన్నీ అందులో తేల్చాలి. కిటికీలు లేని గది. ఫోన్లు బయట చెక్క అరల్లో పెట్టి లోపలికి వెళ్ళాలి. ఏసీ ఎంత చల్లగా ఉండేదంటే లాయరమ్మ నడివేసవిలో శాలువా కప్పుకుని వచ్చేదట.

మిగతా అధ్యాయాలన్నీ కాస్త అటూ ఇటూగా ఒప్పుకున్నారు. తగువంతా ఒక్క అధ్యాయం దగ్గర వచ్చింది. మన జనం కూడా వాడుతున్న పరికరంలో సైన్యానికి లొసుగు దొరికితే, దాన్ని దాచుకోకుండా తయారీదారుకు చెప్పి తీరాలి అని వదిన రాసింది. అది చదవడానికి ముందే ఆవిడ లేచి నిలబడి, తన భర్త పనిచేసేది ఆ పెట్టెలున్న నీటి కేంద్రంలోనే, ఈ మాట నమోదు చేసుకోండి అని చెప్పింది. ఆయన అక్కడ లేకపోయినా ఇదే రాసేదాన్ననీ, ఉన్నాడు కాబట్టి ఇంకాస్త గట్టిగా రాశాననీ అంది.

జనరల్ చెడ్డవాడేమీ కాదు. నిజమైన యుద్ధం చూసినవాడు, ఆ యుద్ధంలో తన కింది మనుషుల్ని పోగొట్టుకున్నవాడు. కోపం లేకుండానే అడిగాడట.

"రేపు యుద్ధమే వస్తే, ఇది మన చేతిలో ఉంటే వాళ్ళ ఇంధనం డిపోలు తూటా పేలకుండా ఆపొచ్చు మేజర్. ఇది లేకపోతే బాంబులు వెయ్యాలి. దానికి మన పిల్లల్ని పంపాలి. పంపినవాళ్ళలో ఎంతమంది తిరిగొస్తారో మీరు చెప్పగలరా?"

"చెప్పలేను సార్," అంది వదిన. "ఇదే లొసుగు వాళ్ళకింకా దొరకలేదని మీరు చెప్పగలరా?"

ఆవిడ ఆగలేదు.

"మాకు దొరికింది కదా. వాళ్ళ దగ్గర మాపాటి తెలివైనవాళ్ళు ఉండరని ఏ ధైర్యంతో అనుకోమంటారు? వాళ్ళింటికీ మనింటికీ ఒకటే తాళం సార్. వాళ్ళది తెరవడం కోసం మనం నోరు మూసుక్కూర్చున్నంత కాలం మనదీ తెరిచే ఉంటుంది. వాళ్ళది ఇంధనం. మనది తాగే నీళ్ళు."

ఓటు వేశారు. వదిన వాక్యం పోయింది, దాని స్థానంలో జనరల్ వాక్యం వచ్చింది. అవసరమని సైన్యం భావించినంత కాలం లొసుగులను రహస్యంగా ఉంచుకోవచ్చు అని. మారిన అధ్యాయాన్ని సాపు చేసి రాసింది కూడా వదినే, అది ఆవిడ డ్యూటీ కనుక. ఒక్క కామా కూడా తప్పు లేకుండా రాసి, సభ్యుల సంతకాల పేజీ దగ్గర ఆగిపోయింది. సంతకం పెట్టనంది. తన అసమ్మతిని రెండు పేజీలు రాసి, దాన్ని అనుబంధంగా కలిపితేనే పెడతానంది. మంత్రిగారి ముందు పెట్టాల్సిన పత్రంలో అందరిదీ ఒక్క మాటే ఉండాలని జనరల్ పట్టుదల. కలిపేది లేదన్నాడు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం కల్నల్ మా ఇంటికి వచ్చాడు. మామూలు బట్టల్లో, చేతిలో పళ్ళ సంచితో, చుట్టపుచూపుగా వచ్చినట్టు. అమ్మ టీ పెట్టింది. నేను ఇంట్లో ఉన్న కుట్టుమిషను దగ్గర కూర్చుని ఏదో కుడుతున్నట్టు నటించాను. కాసేపు ఎండల గురించి మాట్లాడి, ఆయన అన్నయ్య వైపు తిరిగాడు.

"మీ ఆవిడ ఒక కాగితం మీద సంతకం పెట్టనంటోంది. దేశానికి పనికొచ్చే కాగితం. ఆమె పైకి రావడానికీ పనికొస్తుంది. మా మాట వినట్లేదు, మీరైనా కాస్త నచ్చజెప్పండి."

"అందులో ఏముంది సార్?" అని అడిగాడు అన్నయ్య.

"అది చెప్పకూడదండీ."

వదిన అన్నయ్య ఎదురుగానే కూర్చుని ఉంది. ఆ కాగితంలో ఉన్నది అన్నయ్య చేతికింద నడిచే పంపుల సంగతి. అది ఆవిడకూ తెలుసు, కల్నల్‌కూ తెలుసు. అది మూసిపెట్టడానికి సాయం చేయమని అడుగుతున్నది ఆ పంపుల దగ్గర రోజూ కూర్చునే మనిషినే. వదిన ముఖం ఎర్రబడింది. అన్నయ్య వైపు చూడకుండా కల్నల్ కళ్ళలోకే చూస్తూ కూర్చుంది. ఆయనే చూపు తిప్పుకున్నాడు.

అన్నయ్య టీ కప్పు కింద పెట్టాడు. "నా దగ్గరికి ఎవరైనా పంపు వెయ్యమని కాగితం తెస్తే, ఏ పంపో ఎందుకో రాయకపోతే నేను సంతకం పెట్టను సార్. ఏముందో తెలీని కాగితం మీద నన్ను మాట్లాడమంటే ఏం మాట్లాడను? తెలిసిన మనిషి ఆవిడ. ఆవిడ వద్దంటోంది."

కల్నల్ ఇంకేదో అనబోయాడు. అంతలో అమ్మ అందుకుంది.

"టీ చల్లారిపోతోంది, తాగండి బాబూ. ఆ అమ్మాయి వద్దందంటే ఇక వద్దే. ఈ ఇంట్లో మాకు అలవాటే, మీరూ అలవాటు చేసుకోండి."

గేటు దాకా సాగనంపడానికి వదిన వెళ్ళింది. నిన్ను నేనే పైకి తెచ్చాను, ఇలా చేస్తావనుకోలేదు అన్నాడట కల్నల్. వద్దనడం మానకు అన్నది మీరే కదా సార్, మానలేదు అందట ఈవిడ. ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు. వదిన లోపలికి వచ్చి, అమ్మ పక్కన నేల మీద చతికిలబడి, ఆ పళ్ళు నాకొద్దు, ఎవరికైనా ఇచ్చెయ్యండి అంది. అమ్మ సంచితో సహా పక్కింటికి పంపించేసింది.

పత్రాన్ని మంత్రిగారికి సమర్పించే రోజు వచ్చింది. పొడవాటి బల్ల, మంచి తివాచీ, ఒకరి వెనక ఒకరు అధికారులు. మంత్రిగారు పేజీలు తిప్పుతూ సంతకాల దగ్గరికొచ్చి, మధ్యలో ఈ ఖాళీ ఏమిటని అడిగారు. ఒక సభ్యురాలికి చిన్న అభ్యంతరం ఉందండీ, సర్దుకుంటుంది అన్నాడు జనరల్. వెనక వరుసలో కూర్చున్న వదిన లేచింది. పిలవకుండా అక్కడ ఎవరూ మాట్లాడకూడదు.

"అభ్యంతరం చిన్నది కాదండీ. సర్దుకునేదీ కాదు. రెండు పేజీలు రాశాను. అది దీనితో కలిసి ఉండాలి."

జనరల్ కూర్చోమన్నాడు. ఆవిడ నిలబడే ఉంది. మంత్రిగారు చిరాకుపడి, ఇలా కలపవచ్చా అని లాయరమ్మ వైపు చూశారు. ఆ లాయరమ్మ కమిటీలో వదినకు వ్యతిరేకంగానే ఓటు వేసింది. అయినా కళ్ళద్దాలు సర్దుకుని, సభ్యురాలు రాతపూర్వకంగా కోరితే కలపాల్సిందేనండీ, కలపకుండా ఇంతవరకూ తెచ్చి ఉండకూడదు అని చెప్పి కూర్చుంది. కలపండి, అంతే, అధ్యాయం మాత్రం జనరల్ గారు చెప్పినట్టే ఉంటుంది అన్నారు మంత్రిగారు. వదిన ముందుకు నడిచి, తన రెండు పేజీలూ వెనక చేర్చి, సంతకం పెట్టింది. పెట్టి సెల్యూట్ చేసింది.

ఆ నెలలోనే బదిలీ ఉత్తర్వు వచ్చింది. దూరంగా ఉన్న శిక్షణ పాఠశాలకు, కొత్తగా చేరినవాళ్ళకు పాఠాలు చెప్పడానికి. పతకం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. యూనిఫాంలు సర్దుతూ నేను ఏడిస్తే, వదిన నా చేతిలోంచి చొక్కా లాక్కుని, తడిపితే మళ్ళీ ఇస్త్రీ నువ్వే చెయ్యాలి అంది.

అయితే ఆ పత్రం అనుబంధంతో సహా అన్ని శాఖలకూ వెళ్ళింది. నిబంధన అది. అనుబంధాలు ఎవరూ చదవరని అందరి ధీమా. నీటి శాఖ పెద్దాయన ఒకాయన చదివాడు. అందులో పెట్టె పేరు లేదు, తాగునీటి కేంద్రాల్లో వాడుతున్న ఒక పరికరం అని మాత్రమే ఉంది. ఆ పరికరం ఏది, నా కేంద్రాలన్నిటికీ నేను బాధ్యుణ్ణి, రాతపూర్వకంగా జవాబివ్వండి అని ఆయన సైన్యానికి ఉత్తరం రాశాడు. జవాబు రాకపోతే మళ్ళీ రాశాడు, మంత్రివర్గం ముందు పెడతానన్నాడు. ఒకసారి ప్రశ్న కాగితమెక్కాక, రేపేదైనా జరిగితే తెలిసీ దాచింది ఎవరన్న దానికి జవాబు చెప్పాల్సి వస్తుంది. దానికి ఎవరూ సిద్ధంగా లేరు. లొసుగు సంగతి సైన్యం నుంచే కంపెనీకి చేరింది.

ఆ తర్వాత వదిన సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు, అన్నయ్య భోజనాల దగ్గర ఒకటే గోల. కంపెనీ వాళ్ళెవరో ఊడిపడి పెట్టెలన్నీ విప్పి, లోపల ప్రోగ్రాం మార్చి, కారణం అడిగితే మామూలు మరమ్మతే అని చెప్పి పోయారనీ, తను మాత్రం పంపులు చేత్తో నడపలేక నడుం పడిపోయేలా చచ్చాననీ. ఎవడికి పుట్టిన బుద్ధో అని తిట్టాడు. వదిన ఆయన తిట్టినంతసేపూ విని, గ్లాసు ఎత్తి, వాసన చూడకుండా గటగటా తాగేసింది. నేను చూశాను. అప్పుడు నాకేమీ అర్థం కాలేదు.

మరుసటి ఏడు కంపెనీయే ప్రకటన ఇచ్చింది, ఫలానా పెట్టెలో ఫలానా లొసుగు ఉండేది, సరిచేశాం అని. వదిన పై అధికారుల అనుమతి తీసుకుని వచ్చి, మమ్మల్ని కూర్చోబెట్టి అంతా చెప్పింది. తన మొగుడు మెచ్చుకుంటాడనే అనుకుని ఉంటుంది. అన్నయ్య ముఖం నల్లబడిపోయింది.

"అన్నాళ్ళు నా పక్కనే కూర్చుని తిన్నావు. నేను ఆ దయ్యాన్ని తిడుతుంటే విన్నావు. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్తే ఏం చేసేవారు?"

"పంపులన్నీ ఆపేసేవాణ్ణి."

"ఎందుకు ఆపావని మీ పైవాళ్ళు అడిగితే?"

అన్నయ్య కుర్చీలోంచి లేచాడు.

"మీకొక్కరికి చెప్తే మన పంపులే ఆగుతాయి," అంది వదిన. "ఆ పెట్టెలున్న ఊళ్ళన్నీ అలాగే ఉంటాయి. నేను ప్రమాణం తప్పినదాన్నవుతాను. తప్పినదాని మాట ఆ గదిలో ఎవరు వింటారు? మీకు కోపం వస్తే రానివ్వండి. మళ్ళీ అదే పరిస్థితి వచ్చినా మీకు చెప్పను."

ఆవిడ క్షమించమని అడగలేదు. అన్నయ్య సాగనంపడానికి స్టేషనుకు వెళ్ళలేదు. నెల రోజులు ఫోను కూడా చేయలేదు. అమ్మ మధ్యలో దూరి, ఇద్దరినీ చెరో నాలుగు తిట్లు తిట్టినా కదలలేదు. చివరికి ఒక రోజు అన్నయ్య సంచీ సర్దుకుని, చెప్పకుండా ఆ శిక్షణ పాఠశాల ఉన్న ఊరికి బస్సెక్కాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తిరిగొచ్చి, పంపుహౌసు ఎలా నడుస్తుందో వదిన క్లాసులో పాఠం చెప్పొచ్చానని మాత్రం అన్నాడు. ఇప్పుడు ఏడాదికోసారి వెళ్ళి చెబుతున్నాడు. పసుపు గీత దయ్యాన్ని అక్కడ కూడా తిడతాడట, పిల్లలు నవ్వుతారట.

వదినకు పై హోదా రాలేదు. ఆవిడ తర్వాత చేరినవాళ్ళు ఆవిడను దాటిపోయారు. పదోన్నతి బోర్డులో ఒకాయన, ఆ అసమ్మతి పత్రం ఇప్పుడు రాయాల్సి వస్తే రాస్తారా అని అడిగాడట. ఈసారి రెండు పేజీల్లో పట్టదు సార్ అని చెప్పి వచ్చింది. పదవీ విరమణ చేసిన జనరల్ ఒకసారి ఆ పాఠశాలకు అతిథిగా వచ్చి, అందరి ముందే, మేజర్ చేసింది తప్పనే నేను ఇప్పటికీ అంటాను, కానీ నా వాదనను నాకంటే బాగా రాసింది కూడా ఆమే, తన అసమ్మతి పత్రంలో అన్నాడు. ఆవిడ లేచి, మీ వాదన మళ్ళీ చదివాను, ఇప్పటికీ ఒప్పుకోను సార్ అంది. ఇద్దరూ కలిసి టీ తాగారు.

మొన్న ఆ వ్యూహాన్ని తిరగరాశారు. ముసాయిదాను అభిప్రాయం కోసం శిక్షణ పాఠశాలలకు కూడా పంపారు. వదిన సెలవు మీద ఇంట్లో ఉండగా పాఠశాల వాళ్ళు ఫోను చేసి, మీ అధ్యాయం చేర్చారు మేడం, శుభాకాంక్షలు అన్నారు. బయటికి విడుదల చేసిన ప్రతే కాబట్టి నేనూ చదివాను. మన జనం వాడే పరికరంలో దొరికిన లొసుగును తయారీదారుకు చెప్పాలి అని నిజంగానే ఉంది. నేను సంబరపడి అమ్మకు చదివి వినిపించాను. అమ్మ మళ్ళీ చదవమంది.

వదిన నా చేతిలోంచి కాగితం తీసుకుని, ఆ వాక్యం మొదట్లో వేలు పెట్టింది. "సాధ్యమైనంత వరకు" అని ఉంది.

"ఈ మాట నేను రాయలేదు," అంది. నేను గుడ్డ మీద గీతలు గీసే పెన్సిల్ అడిగి తీసుకుంది. కుట్టుమిషను బల్ల మీద గుడ్డలు పక్కకు నెట్టి, కుర్చీ లాక్కుని, కొత్త అసమ్మతి మొదటి వాక్యం రాయడం మొదలుపెట్టింది.